వస్‌వాసుకు మాటల వైద్యం

వుజూ ముగించిన యువకుడు మళ్ళీ కొళాయి దగ్గరకే పోతాడు. మోచేయి తడిసిందో లేదోనని అనుమానం. ఈలోగా జమాఅత్ అయిపోతుంది. "లాహౌల్ చదువు బేటా, పోతుంది" అని చెప్పి పంపాము. పోలేదు సరికదా, తన ఈమానే బలహీనమని కుమిలిపోయాడు. తప్పు మాది.

తరువాత మానసిక వైద్యుని వద్ద వారంవారం కూర్చుని మాట్లాడాడు. అనుమానం వచ్చినా రెండోసారి కడగకుండా ఆగడం, ఆ కంగారు దానంతటదే తగ్గేదాకా ఓర్చుకోవడం... అక్కడ నేర్పింది ఇదే.

ఇదంతా పాశ్చాత్యుల విద్య అని ముఖం తిప్పుకునేవారు మనలో ఎందరో! ఆరన్ బెక్ అమెరికాలో ఆలోచనలను సరిదిద్దే చికిత్సను రూపొందించింది 1960లలో. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ తన 'మసాలిహుల్ అబ్‌దాన్ వల్ అన్‌ఫుస్' గ్రంథంలో కోపం, భయం, దుఃఖం, వస్‌వాస్‌లను విడివిడిగా చర్చించారు. ఇంట్లో మందులు దాచుకున్నట్లు, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను సిద్ధం చేసుకోమన్నారు.

వైద్యుని వద్దకు వెళ్ళడానికి జంకేవారు 14416కు ఫోను చేయవచ్చు. ప్రభుత్వ సేవ, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

మొన్న జుమాకు ఆ అబ్బాయి మాకంటే ముందే సఫ్‌లో ఉన్నాడు.