రెండు తెరలకు ఒకే ప్రాణం

మొదటి పోరాటంలోనే ఎడమచేతి బొటనవేలు ఒకరిని నడుపుతుంటుంది, కుడిచేతిలోని స్టైలస్ ఇంకొకరిని. బొటనవేలికి లొంగే అమ్మాయి పై తెరలో ఉంటుంది, స్టైలస్‌కు లొంగే అబ్బాయి కింది తెరలో. శత్రువు రెండు తెరల్లోనూ కనిపిస్తుంది కానీ దాని ప్రాణం ఒక్కటే, పైన కొట్టినా కింద కొట్టినా తగిలేది దానికే. మనవాళ్ళిద్దరి పరిస్థితీ అంతే. పైన ఆమె దెబ్బ తింటే కింద అతని ఆయుష్షు తరుగుతుంది. ఇది మనిషి వల్ల అయ్యే పని కాదనిపించింది నాకు. మూడు నాలుగు పోరాటాలయ్యేసరికి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. చేతులు ఏదో నేర్చుకున్నాయి, కళ్ళు ఎక్కడ చూడాలో వాటికే తెలుస్తోంది. అది ఎలా జరిగిందో అర్థం కావాలంటే ముందు ఈ ఆట నడిచే యంత్రం గురించి తెలుసుకోవాలి.

ఆట పేరు ‘ద వరల్డ్ ఎండ్స్ విత్ యూ’. జపాన్‌లో 2007 జులై 27న ‘సుబరాషికి కోనో సెకాయ్’ అన్న పేరుతో విడుదలైంది. 2008 ఏప్రిల్‌లో ఇంగ్లిష్ పేరుతో అమెరికా, యూరప్‌లకు చేరింది. స్క్వేర్ ఎనిక్స్, జూపిటర్ సంస్థలు కలిసి తయారుచేశాయి. దర్శకుడు తత్సుయా కాండో. పాత్రలకు రూపం ఇచ్చినవాళ్ళు తెత్సుయా నోమురా, గెన్ కొబయాషి. సంగీతం తకేహారు ఇషిమొతోది. యాక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు ఇలాంటివాటిని: ఒక పాత్రను చేతిలోకి తీసుకుని, దాని శక్తులు పెంచుకుంటూ కథలో ముందుకు పోవాలి, పోరాటాలు మాత్రం మన చేతి చురుకుతోనే గెలవాలి. నడిచే యంత్రం నింటెండో డీఎస్.

డీఎస్‌కు చాలా ముందే రెండు తెరల ఆలోచన ఉంది. గున్‌పెయ్ యోకోయ్ అనే ఇంజనీరు 1965లో నింటెండోలో యంత్రాల మరమ్మతు పనికి చేరాడు. బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూసి అతనికి జేబులో పట్టే ఆట తట్టిందని చెబుతారు. 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ వచ్చింది. కాలిక్యులేటర్ల పుణ్యమా అని చిన్న ఎల్‌సీడీ తెరలు అప్పటికే చవకయ్యాయి. పాతబడిన, ధర పడిపోయిన, లోటుపాట్లన్నీ తెలిసిపోయిన సాంకేతికతను తీసుకుని ఎవరూ ఊహించని పనికి పెట్టడం యోకోయ్ పద్ధతి. 1982లో అదే వరుసలో పుస్తకంలా మడిచే పెట్టెలు వచ్చాయి, పైన ఒక తెర, కింద ఒక తెర. వాటిలో ‘డాంకీ కాంగ్’ పెట్టె మీద ఎడమ బొటనవేలి కోసం కూడిక గుర్తు ఆకారంలో ఒక మీట పెట్టాడు. ఇప్పటికీ గేమ్ కంట్రోలర్ల మీద ఎడమవైపు కనిపించేది ఆ మీట వారసత్వమే. యోకోయ్ 1997లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు, డీఎస్‌ను చూడలేదు. కానీ దాన్ని మొదటిసారి తెరిచి చూసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది అతని పెట్టే.

నింటెండోను అర్ధశతాబ్దం పైగా నడిపిన హిరోషి యమౌచి 2002లో పగ్గాలు సతోరు ఇవాటాకు అప్పగించాడు. తర్వాతి చేతి యంత్రానికి రెండు తెరలుండాలని పట్టుబట్టింది ఆ పెద్దాయనే. డీఎస్ 2004 నవంబర్ 21న అమెరికాలో, డిసెంబర్ 2న జపాన్‌లో విడుదలైంది. పది రోజుల తేడాతో అక్కడే సోనీ చేతి యంత్రం పీఎస్‌పీ వచ్చింది. సోనీది 4.3 అంగుళాల వెడల్పు తెర. డీఎస్‌వి మూడేసి అంగుళాలు, ఒక్కోదాని మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు మాత్రమే. లోపల 67 మెగాహెర్ట్జ్‌ది ఒకటి, 33 మెగాహెర్ట్జ్‌ది ఒకటి, రెండు ప్రాసెసర్లు. మెమరీ 4 మెగాబైట్లు. అంకెల్లో పీఎస్‌పీ ఎంతో బలమైనది. అయినా డీఎస్‌లు మొత్తం 15 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. దానికి ఒక కారణం, దాని కింది తెరను తాకవచ్చు.

ఆ తాకుడు ఎలా పనిచేస్తుందో కొంచెం నిదానంగా చూడాలి, ఆట అంతా దాని మీదే కట్టారు. డీఎస్‌లో ఉన్నది రెసిస్టివ్ టచ్‌స్క్రీన్. దాని మూలాలు అమెరికాలో ఉన్నాయి. 1970ల మొదట్లో కెంటకీ విశ్వవిద్యాలయంలో ఉన్న శామ్ హర్స్ట్ అనే భౌతికశాస్త్రవేత్త, గ్రాఫు కాగితాల మీది గీతలను త్వరగా అంకెలుగా మార్చుకోవడానికి విద్యుత్తు పారే పలకను వాడాడు. దానికి పారదర్శక రూపం తర్వాత వచ్చింది. డీఎస్‌లో ఎల్‌సీడీ మీద రెండు పొరలుంటాయి, పైది వంగే ప్లాస్టిక్, కిందిది గట్టిది. రెండింటి లోపలి ముఖాలకూ ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక వాహకం పూత పూసి, అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో కంటికి ఆనని చుక్కలు పెడతారు. నొక్కినచోట మాత్రం పై పొర వంగి కింది పొరను తాకుతుంది.

అప్పుడు యంత్రం ఒక పొరకు ఈ అంచు నుంచి ఆ అంచుకు వోల్టేజి ఇస్తుంది. అది ఒక అంచున నిండుగా, రెండో అంచున సున్నాగా, మధ్యలో క్రమంగా తగ్గుతూ ఉంటుంది. తాకినచోట రెండో పొర ఎంత వోల్టేజి చదివితే అదే అడ్డం కొలత. సగం వోల్టేజి వస్తే వేలు తెర నడుమ ఉన్నట్టు. వెంటనే రెండు పొరలూ పనులు మార్చుకుంటాయి, నిలువు కొలత వస్తుంది. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంటే, కదిలే స్టైలస్ ఒక గీతగా యంత్రానికి తెలుస్తుంది.

దీనికి కావలసింది ఒత్తిడి, చర్మం కాదు. అందుకే సన్నటి ప్లాస్టిక్ ముల్లుకు కూడా ఈ తెర లొంగుతుంది, బొమ్మ మీద ఎక్కడంటే అక్కడ కచ్చితంగా గుచ్చవచ్చు. బలహీనత ఏమిటంటే ఒకేసారి ఒక్క బిందువునే గుర్తుపడుతుంది. రెండు చోట్ల నొక్కితే రెండింటి మధ్యలో ఎక్కడో ఒకచోట నొక్కారనుకుంటుంది.

ఆ ఒక్క బిందువును ఈ ఆట తయారుచేసినవాళ్ళు ఎంత దూరం లాక్కుపోయారో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కథానాయకుడు నెకు సకురాబా దగ్గర పిన్నులుంటాయి, చొక్కాకు గుచ్చుకునే గుండ్రటి బ్యాడ్జీల్లాంటివి. ఒక్కో పిన్నుకు ఒక శక్తి, ఒక్కో శక్తికి ఒక చేతి కదలిక. శత్రువు మీద అడ్డంగా గీస్తే కత్తి దెబ్బ. ఖాళీ నేల మీద లాగుతూ పోతే స్టైలస్ వెళ్ళిన దారిలో మంట. ఖాళీ చోట టకటకా తడితే తూటాలు. పక్కనే పడున్న వస్తువును పట్టి లాగి శత్రువు మీదికి విసరవచ్చు. మైకులోకి అరిస్తే పనిచేసే పిన్నులు కూడా ఉన్నాయి. ఏ పిన్నులు పెట్టుకోవాలో మనమే ఎంచుకుంటాం కాబట్టి ఇద్దరు ఆటగాళ్ళ చేతులు ఒకేలా కదలవు. చిక్కు కూడా ఇక్కడే ఉంది. దగ్గరి పోలికలున్న రెండు కదలికలు జేబులో ఉంటే యంత్రం అప్పుడప్పుడు పొరబడుతుంది, మంట పెట్టబోతే నెకు పక్కకు దూకేస్తాడు. పోలికలేని పిన్నులు కలిపి పెట్టుకుంటే ఆ బాధ చాలావరకు పోతుంది.

ఇక కళ్ళ సంగతి. మన చూపు మొత్తంలో స్పష్టంగా కనబడేది నడుమనున్న రెండు డిగ్రీల మేర మాత్రమే. డీఎస్‌ను ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది తెర మీద ఒక సెంటీమీటరు. రెండు తెరల నడిబొడ్డుల మధ్య దూరం ఆరేడు సెంటీమీటర్లు. అంటే రెండింటినీ ఒకేసారి తేటగా చూడటం ఏ కంటికీ కుదరదు. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతడానికి సిద్ధపడటానికే దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఈ హద్దును ఎంత సాధనా చెరపలేదు.

దీనికి ఆట కనిపెట్టిన ఉపాయం ఒక వెలుగు బిళ్ళ. అది ఇద్దరిలో ఒకరి దగ్గరే ఉంటుంది. ఎవరి దగ్గరుంటే వాళ్ళ దెబ్బకు బలం ఎక్కువ. వాళ్ళ వరుస దెబ్బలు పూర్తయ్యాక బిళ్ళ రెండో తెరకు ఎగిరిపోతుంది. అక్కడ సమయానికి అందుకుని మళ్ళీ వెనక్కి పంపితే బలం ఇంకా పెరుగుతుంది, ఆలస్యమైతే పోగుపడిన బలమంతా పోతుంది. ఎటు చూడాలో ఆ బిళ్ళే చెబుతుందన్నమాట. మన అవధాని కూడా పృచ్ఛకులందరికీ ఒకే క్షణంలో జవాబు చెప్పడు. ఒకరి దగ్గర ఒక పాదం, ఇంకొకరి దగ్గర ఒక పాదం చెప్పుకుంటూ, వదిలిపెట్టిన తీగ తెగకుండా మనసులో పట్టుకుని తిరుగుతాడు. ఈ ఆట చేయించేదీ అలాంటి పనే. బిళ్ళ పైకి పోయినప్పుడు కింది చెయ్యి అలవాటు మీద నడుస్తుంది, కిందికి వచ్చినప్పుడు పై తెరను నడిపే బొటనవేలు అక్కడి బాణం గుర్తుల వరుసను గుర్తుపెట్టుకుని నొక్కుకుపోతుంది. అదీ కుదరనివాళ్ళుంటే, మీటలు ముట్టకుండా వదిలేస్తే కాసేపటికి పై మనిషిని ఆటే నడుపుతుంది. మొదట్లో నేనూ అలాగే వదిలేశాను, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

కథ టోక్యోలోని షిబుయాలో. ఎటుచూసినా మనుషులు దాటే ఆ పెద్ద కూడలిలో నెకు కళ్ళు తెరుస్తాడు. చెవులకు హెడ్‌ఫోన్స్, ఎవరితోనూ మాట కలపడం ఇష్టంలేని కుర్రాడు. అతను అక్కడి జనానికి కనబడడు. చేతిలో ఉన్న నల్ల పిన్నును పట్టుకుంటే మాత్రం వాళ్ళ మనసుల్లోని మాటలు వినబడతాయి. ఫోనుకు సందేశం వస్తుంది: అరవై నిమిషాల్లో 104 అనే భవనానికి చేరాలి, లేకపోతే తుడిచిపెట్టేస్తాం అని. అరచేతిలో గడియారం వెనక్కి లెక్కపెడుతుంటుంది. పరిగెత్తి పరిగెత్తి హచికో విగ్రహం దగ్గరికి చేరితే అక్కడ షికి అనే అమ్మాయి ఎదురై జట్టు కట్టమంటుంది. 1925లో చనిపోయిన యజమాని కోసం 1935లో తాను పోయేదాకా షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూసిన కుక్క హచికో. ఇవాళ టోక్యోలో ఎందరో స్నేహితులు కలుసుకునే చోటు ఆ విగ్రహమే. ఒంటరితనమే తన బలమనుకునే కుర్రాడికి తోడు దొరకడానికి అంతకన్నా సరైన చోటు షిబుయాలో లేదు.

నన్ను కట్టిపడేసింది ఇక్కడే. తోడును నమ్మకపోతే నెకు బతకలేడు, పై తెరను పట్టించుకోకపోతే మనమూ గెలవలేం. అతని చిరాకు, మన చేతుల తడబాటు ఒకే సమయంలో మొదలై ఒకే సమయంలో తగ్గుతాయి. యంత్రానికి రెండు తెరలున్నాయి కదా అని అతికించిన కథ కాదిది. యంత్రం ఒంటితీరు నుంచే పుట్టిన కథ.

అందం విషయంలోనూ అంతే. డీఎస్‌లో రెండు తెరలకూ చెరొక టూడీ చిత్రవిభాగం ఉంది, త్రీడీ విభాగం మాత్రం ఒక్కటే. రెండు తెరలూ ఒకేసారి తీరిక లేకుండా కదలాలంటే చదునైన బొమ్మలే నప్పుతాయి. ఇక్కడ పాత్రలు నల్లటి మందపాటి గీతలతో, ఇంకు రంగులతో ఉంటాయి. భవనాలు వంగి వీధి మీదికి వాలుతుంటాయి. గోడ మీది గ్రాఫిటీ నడవడం మొదలుపెట్టినట్టుంటుంది. దానికి తోడు ఇషిమొతో పాటలు. హిప్‌హాప్, రాక్, ఎలక్ట్రానిక్ అన్నీ కలిసి, గొంతులతో సహా ఇంత చిన్న కార్డులోంచి వినబడతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఆడాలి. బట్టలు కూడా పోరాటంలో భాగమే: పదమూడు బ్రాండ్లు, ఒక్కో పేటలో ఒక్కోదానికి గిరాకీ. ఆ పేటలో ఆదరణ ఉన్న బ్రాండు వేసుకుంటే బలం, వెనకబడినది వేసుకుంటే నష్టం. పట్టువదలకుండా మన బ్రాండునే వేసుకుని పోరాడితే ఆ పేట మోజే మారుతుంది.

యంత్రంలో ఇంకేం భాగాలున్నాయో అన్నింటినీ వెతికి వాడుకున్నారు. లోపలి గడియారం వల్ల, ఆట కట్టేసి పక్కన పెట్టిన రోజులకు కూడా పిన్నులు ఎదుగుతాయి. నెకు రోజుకు తినగలిగే తిండికి హద్దుంది, ఆ రోజు మన రోజే. వైర్‌లెస్ తెరిచి పెట్టి బయటికి వెళితే, దారిలో వేరే ఆట ఆడుతున్న డీఎస్ తగిలినా పిన్నులకు లాభమే. కష్టాన్ని మనమే ఎంచుకోవచ్చు. మన స్థాయిని కావాలని తగ్గించుకుంటే ప్రాణం తక్కువవుతుంది, అరుదైన పిన్నులు దొరికే అవకాశం పెరుగుతుంది.

జపాన్‌లో ఈ ఆట రావడానికి నెల ముందు, 2007 జూన్ 29న, అమెరికాలో ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. దాని తెర కెపాసిటివ్, అంటే చర్మం దగ్గరికి వస్తే మారే విద్యుత్ క్షేత్రాన్ని చదివేది. ఒకటికి మించిన వేళ్ళను కూడా విడివిడిగా పోల్చుకుంటుంది, ప్లాస్టిక్ ముల్లును మాత్రం అసలు గుర్తించదు. ప్రపంచం అటే వెళ్ళిపోయింది. 2012లో ఈ ఆట ‘సోలో రీమిక్స్’గా ఐఫోన్, ఐప్యాడ్‌లకు, 2018లో ‘ఫైనల్ రీమిక్స్’గా నింటెండో స్విచ్‌కు మారింది. బొమ్మలు పదునెక్కాయి, పాటలు తేటపడ్డాయి. కానీ ఇద్దరూ ఒకే తెర మీదికి వచ్చేశారు, చూపు గెంతాల్సిన అవసరం పోయింది. ఆడటానికి హాయిగానే ఉంటుంది. అయినా నా మటుకు అది మంచి బొమ్మలున్న ఇంకొక ఆట. 2021లో పీఎస్4కు, స్విచ్‌కు వచ్చిన కొనసాగింపు ‘నియో’ ఆ దారి వదిలి త్రీడీకి, మీటకొక పిన్ను పద్ధతికి వెళ్ళింది. కొత్త యంత్రానికి కొత్తగా ఆలోచించారు కాబట్టి ఆ నిర్ణయం నాకు నిజాయితీగా తోచింది.

కాబట్టి ఈ ఆటను రుచి చూడాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది పాత డీఎస్ వెతకమనే. దొరకకపోతే 3డీఎస్ అయినా ఫర్వాలేదు, డీఎస్ కార్డులు అందులో నడుస్తాయి, కింది తెర రెసిస్టివే. అందులో ఆటను తెరిచేటప్పుడు స్టార్ట్ గానీ సెలెక్ట్ గానీ నొక్కిపట్టుకుంటే బొమ్మ సాగకుండా అసలు కొలతల్లో కనిపిస్తుంది. పాత యంత్రాల్లో పొరలు అరిగి కొలతలు కొద్దిగా జరిగి ఉంటాయి, అందుకని మొదలుపెట్టేముందు సెట్టింగుల్లోకి వెళ్ళి టచ్ క్యాలిబ్రేషన్ చేసుకోండి. గీతలు పడకుండా తెర మీద ఒక పల్చటి ఫిల్మ్ వేయండి, గోకే పిన్నులు చాలానే ఉన్నాయి.