వి8: పందెం కాసే ఇంజన్

1995 మే నెలలో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ ఉద్యోగి బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాష తొలి నమూనా తయారుచేశారు. వెబ్ పేజీలోని ఫారంలో ఏదైనా గడి నింపకపోతే హెచ్చరించడం వంటి చిన్నాచితకా పనులకు వాడాలని అనుకున్న భాష అది. డిసెంబరుకల్లా జావాస్క్రిప్ట్ అన్న పేరు ఖాయమైంది. జావా అనే మరో భాషతో చుట్టరికం అంతంతమాత్రమే. అప్పట్లో జావాకున్న మోజు అలాంటిది.

ఈ భాష ప్రాసెసర్‌కు ఒక్క ముక్కా అర్థం కాదు. దానికి తెలిసింది మెషీన్ కోడే. రెండు పూర్ణాంకాలను కూడమని చెప్పడానికి ఇంటెల్ తరహా చిప్‌లో రెండు బైట్ల ఆదేశం చాలు. కానీ జావాస్క్రిప్ట్‌లో కూడిక గుర్తు కనిపించగానే అది కూడికేనని నమ్మడానికి లేదు. 5కు 1 కలిపితే 6. ఆ 5 కొటేషన్ల మధ్య ఉన్న అక్షరమైతే జవాబు 51. ఏది ఏమిటో నడిచేటప్పుడు తప్ప తెలియదు. అందుకే కోడ్‌ను ఒక్కో ఆదేశం చొప్పున చదువుతూ నడిపే పాత ఇంటర్‌ప్రెటర్ ప్రతి కూడికకూ ముందు 'నువ్వు అంకెవా, అక్షరానివా' అని ఆరా తీసేది. అదే వరస లక్షసార్లు తిరిగినా లక్షసార్లూ అదే ప్రశ్న.

2008 సెప్టెంబరులో క్రోమ్ బ్రౌజర్‌తోపాటు వచ్చిన, జావాస్క్రిప్ట్‌ను నడిపే వి8 ఇంజన్ ఆ తతంగాన్ని తగ్గించింది. దాని రూపకర్త లార్స్ బాక్ డెన్మార్క్ వాసి. అంతకుముందు సన్ కంపెనీలో సెల్ఫ్ అనే పరిశోధన భాష మీద పనిచేశారు. సెల్ఫ్ జనంలోకి పెద్దగా రాలేదు కానీ, దాని ఉపాయాలే ఇక్కడ అక్కరకొచ్చాయి. ఒకే తీరులో తయారైన వస్తువులను ఇంజన్ ఒక గుంపుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుంపులో ఫలానా విలువ ఎన్నో గడిలో ఉందో ఒకసారి తెలిస్తే మళ్లీ వెతకక్కర్లేదు.

అసలు తెగింపు 2010లో వచ్చింది. ఒక ఫంక్షన్ పదేపదే నడుస్తుంటే, ఇంతవరకూ అంకెలే వచ్చాయి కనుక ఇకమీదటా అంకెలే వస్తాయని పందెం కాసి, దానికి సరిపడా బిగువైన మెషీన్ కోడ్ పుట్టించడం మొదలుపెట్టారు. మధ్యలో చిన్న తనిఖీ ఉంటుంది. ఎప్పుడైనా అక్షరం తగిలిందా, పందెం పోయినట్టే. అప్పుడు ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లలో ఉన్న విలువలన్నిటినీ తీసి, నెమ్మదిగా నడిచే పాత కోడ్ ఎక్కడ వెతుక్కుంటుందో అక్కడ సర్ది, ఆగిన చోటి నుంచే పని కొనసాగించాలి. వేగంగా పరుగెత్తించడం కన్నా ఇలా వెనక్కి దిగడమే గొప్ప ఇంజనీరింగ్ అని నా అభిప్రాయం.

మొదట్లో ఇంటర్‌ప్రెటరే అక్కర్లేదని నేరుగా మెషీన్ కోడ్ పుట్టించిన వి8, 2017లో దాన్నే తెచ్చుకుంది. మెషీన్ కోడ్ మెమరీని బాగా తింటుంది, చవక ఫోన్లకు అంత జాగా ఎక్కడిది? ఒక్కసారి నడిచి ఊరుకునే కోడ్ కోసం అంత శ్రమ కూడా దండగే. ఇప్పుడు ముందు ఇంటర్‌ప్రెటర్ నడిపే క్లుప్తమైన మధ్యంతర రూపం బైట్‌కోడ్, వాడకం పెరిగిన కొద్దీ అంచెలంచెలుగా మెషీన్ కోడ్.

ఐఫోన్‌లో మామూలు యాప్‌లు అప్పటికప్పుడు పుట్టించిన మెషీన్ కోడ్‌ను నడపడానికి వీల్లేదు. అలాంటి చోట్ల కోసం 2019లో బైట్‌కోడ్‌తోనే సరిపెట్టుకునే పద్ధతినీ చేర్చారు. బ్రౌజర్ వేగాన్ని కొలిచే స్పీడోమీటర్ 2.0 పరీక్షలో ఇలా నడిపితే వేగం సుమారు 40 శాతం తగ్గిందని వి8 బృందమే ప్రకటించింది.