కొన్ని కనెక్షన్లు, వేల మంది వాడుకరులు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చూసుకునే ఇంజినీర్ల గుండె గుభేల్మనిపించే సందేశం ఒకటుంది: ‘సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ’. సర్వర్ పాడవలేదు, డేటా ఎక్కడికీ పోలేదు. కొత్తగా వచ్చినవారికి ఇవ్వడానికి కనెక్షన్ మిగల్లేదు, అంతే. ఫోన్లో టికెట్ కోసం చూస్తున్న మనిషికి మాత్రం పేజీ తెరుచుకోదు.

కనెక్షన్ ఊరికే రాదు. పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. దానికి మెమరీ ఇవ్వాలి, పాస్‌వర్డ్ సరిచూడాలి. అడిగిన సమాచారం రెప్పపాటులో దొరికేదైనా, ఈ తతంగానికే అంతకన్నా ఎక్కువ సమయం పట్టొచ్చు. అందుకే పరిమితులున్నాయి. మనం మార్చకపోతే పోస్ట్‌గ్రెస్ 100 కనెక్షన్లు, మైఎస్‌క్యూఎల్ 151 కనెక్షన్లు అనుమతిస్తాయి.

దీనికి విరుగుడు కనెక్షన్ పూల్. ఇది అద్దె సైకిళ్ల కొట్టులాంటిది. కొన్ని కనెక్షన్లను ముందే తెరిచి ఉంచుతారు. పని పడిన ప్రోగ్రామ్ ఒకటి తీసుకుంటుంది, పని కాగానే తిరిగి ఇచ్చేస్తుంది. అదే కనెక్షన్ వెంటనే మరొకరికి పనికొస్తుంది. ఒక్కో పనికి 20 మిల్లీసెకన్లు పడితే, పది కనెక్షన్లు సెకనుకు 500 పనులు చక్కబెట్టగలవు.

మరి పూల్ ఎంత పెద్దదుండాలి? రద్దీ పెరగగానే చాలామంది ఈ అంకెను పెంచేస్తారు. చాలాసార్లు బెడిసికొట్టేది అక్కడే. ఎనిమిది కోర్ల ప్రాసెసర్ ఒక క్షణంలో నిజంగా చేయగలిగేది ఎనిమిది పనులే. వందల కనెక్షన్లు ఒకేసారి మీదపడితే అది ఒక పని ఆపి ఇంకోటి అందుకోవడంలోనే అలిసిపోతుంది. ఒరాకిల్ సంస్థ పనితీరు నిపుణులు చేసిన ప్రదర్శనలో, మరేదీ మార్చకుండా పూల్‌ను మాత్రమే బాగా తగ్గిస్తే, స్పందించే సమయం సుమారు 100 మిల్లీసెకన్ల నుంచి రెండుకు దిగింది. జావా ప్రపంచంలో విస్తృతంగా వాడే హికారీసీపీ పూల్ పరిమాణం మొదట్లో పదే. పదీ పనిలో ఉంటే కొత్తవారు వరుసలో ఆగుతారు. 30 సెకన్లు దాటినా దొరక్కపోతే ఎర్రర్ వస్తుంది.

ఆ ఎర్రర్ కనిపించగానే పూల్ చిన్నదనుకోకూడదు. తీసుకున్న కనెక్షన్‌ను ఏదో ఒక దారిలో తిరిగివ్వడం మరిచిన కోడ్ ఉందేమో ముందు వెతకాలి. రోజుకు నాలుగు పోయినా వారం తిరక్కుండా పూల్ ఖాళీ అవుతుంది. ఇంకో చిక్కు పొద్దున్నే బయటపడుతుంది. మైఎస్‌క్యూఎల్ ఎనిమిది గంటలు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను తానే తెంచేస్తుంది. ఆ సంగతి పూల్‌కు తెలియకపోతే, ఆఫీసు తెరిచాక మొదట లాగిన్ అయినవారికి తెగిన కనెక్షనే చేతికొస్తుంది. అందుకే కనెక్షన్ ఆయుష్షును డేటాబేస్ గడువుకంటే తక్కువగా పెట్టాలి.

అప్లికేషన్ సర్వర్లు ఇరవై ఉండి, ఒక్కోదానికి పది చొప్పున పూల్ ఉంటే మొత్తం 200 కనెక్షన్లు. పోస్ట్‌గ్రెస్ వంద దగ్గరే ఆగిపోతుంది. అలాంటప్పుడు సర్వర్లకూ డేటాబేస్‌కూ మధ్యలో, పూల్ నడిపే ప్రోగ్రామ్ పీజీబౌన్సర్‌ను నిలబెడతారు. ఇది స్కైప్ సంస్థలో పుట్టి, 2007లో బయటికొచ్చింది. ట్రాన్సాక్షన్ పద్ధతిలో వాడితే ఒక లావాదేవీ ముగియగానే అసలు కనెక్షన్‌ను మరొకరికి ఇచ్చేస్తుంది. దాంతో వేల క్లయింట్లకు కొన్ని పదుల కనెక్షన్లు సరిపోతాయి. అయితే ఒక కనెక్షన్‌లో పెట్టుకున్న సెట్టింగ్ తర్వాతి లావాదేవీకి ఉంటుందన్న భరోసా లేదు. అలాంటి సెట్టింగులమీద ఆధారపడే ప్రోగ్రామ్‌ను క్లయింట్ ఉన్నంతసేపూ ఒకే కనెక్షన్ ఇచ్చే సెషన్ పద్ధతిలోనే ఉంచాలి, లేదా కోడ్ మార్చాలి.