పన్ను వేరు వంకరగా ఉంటే రూట్ కెనాల్ చేయలేరా?

పోయిన నెల మా వినుకొండలో ఒక డాక్టర్ గారు మా అమ్మ కింది దవడ పన్ను చూసి, "వేరు బాగా వంకర, పీకించేయండి" అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. గుంటూరు తీసుకెళ్లాను.

అక్కడ స్పెషలిస్ట్ ఎక్స్‌రే మీద వంపు కొలిచారు. 30 డిగ్రీల పైనే. 1971లో ష్నైడర్ అనే ఆయన ఇచ్చిన లెక్క ప్రకారం 25 నుంచి 70 దాకా తీవ్రమైన వంపే. పైగా ఎక్స్‌రేలో పక్కలకు తిరిగిన వంపే కనిపిస్తుంది, మన వైపు తిరిగింది కనిపించదు. అనుమానముంటే త్రీడీ స్కాన్ తీస్తారు.

అసలు చిక్కు ఫైల్‌తో. స్టీల్ ఫైల్‌కి నిటారుగా పోవడమే ఇష్టం. వంపు దగ్గర తోస్తే గోడలో మెట్టు పడుతుంది, ఒక్కోసారి చిల్లే పడుతుంది. 1988లో పరిశోధకులు చూపించిన నికెల్-టైటానియం ఫైల్ దారితో పాటే వంగుతుంది. కానీ వంపులో తిరిగి తిరిగి అలసిపోయి, చెప్పాపెట్టకుండా విరుగుతుంది. మన ఛార్జర్ వైరు మెడ దగ్గర తెగినట్టే! అందుకే ముందు 10 నంబర్ చేతి ఫైల్‌తో (మొన మందం 0.10 మిల్లీమీటరే) మెల్లగా దారి చేస్తారు.

అమ్మకి రెండు సిట్టింగ్‌లు పట్టాయి. క్యాప్ పెట్టేదాకా ఆ వైపు నమలొద్దన్నారు. మిరపకాయ బజ్జీ రెండో వైపు తింటోంది.