బేస్‌బాల్ జట్టు వెనుకబలగము

ఒక సేన బలమును ముందువరుసను చూచి లెక్కకట్టుట లోకసహజము. కాని అనుభవము గల సేనాని దృష్టి వెనుకవరుసల మీద నుండును. ముందున్నవాడు పడిపోయినచో ఆ చోటికి వచ్చువాడెవడు, వాని వెనుక నున్నవాడెవడు అని అతడు విచారించును. అమెరికా దేశమున మిక్కిలి ఆదరణ పొందిన బేస్‌బాల్ క్రీడలో ఈ విచారణ ఏటేట ఫిబ్రవరి, మార్చి నెలలలో జరుగుచుండును. ఆ నెలలలో జట్లన్నియు చలి తక్కువగా నుండు ఫ్లారిడా, అరిజోనా రాష్ట్రములకు చేరి అభ్యాసము చేయును. మార్చి చివర పోటీలు ఆరంభమగును. అప్పటికి జట్టు పెద్దలు తేల్చుకొనవలసిన ప్రశ్నలలో కఠినమైనది బుల్‌పెన్‌ను గూర్చినది.

బుల్‌పెన్ అను మాటకు ఎడ్లదొడ్డి యని అర్థము. ఆ పేరు ఎట్లు వచ్చినదో చెప్పు కథలు పలువిధములుగా నున్నవి. మైదానపు అంచున, ఆటకు అడ్డురాని చోట, సహాయక పిచ్చర్లు కూర్చుండు తావునకు అది పేరు. పిలుపు వచ్చు సూచన కనిపింపగానే వారు లేచి, నాలుగు బంతులు విసిరి చేతిని వేడెక్కించుకొని సిద్ధమగుదురు. కాలక్రమమున ఆ చోటి పేరే అందలి మనుష్యులకును పేరైనది. జట్టు బుల్‌పెన్ బలముగా నున్నదనగా ఆ సహాయకులు సమర్థులని అర్థము.

క్రికెట్ తెలిసినవారు ఇచట ఒక భేదము గమనింపవలెను. క్రికెట్‌లో బౌలరు కొన్ని ఓవర్లు వేసి, విశ్రమించి, మరల బంతి నందుకొనవచ్చును. మన చెడుగుడు ఆటలో వెలుపలికి పోయినవాడు సైతము తనపక్షము వారి పుణ్యమున తిరిగి లోనికి వచ్చును. బేస్‌బాల్‌లో అట్టి వెసులుబాటు లేదు. మారుమనిషికి చోటిచ్చి మైదానము విడిచిన పిచ్చర్ ఆనాటి ఆటలోనికి మరల రాకూడదు. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. పిచ్చర్ 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి ప్రతి బంతియు తానే విసరవలెను. ఆట ఆరంభించువానిని స్టార్టర్ అందురు. నడుమ వచ్చువారిని రిలీవర్లందురు. ఆధిక్యమును నిలబెట్టి చివరి ఇన్నింగ్స్‌ను ముగించువాడు క్లోజర్. వీరిలో ఎవరిని ఎప్పుడు పిలిచినను అది తిరుగులేని నిర్ణయమే.

పూర్వకాలమున ఈ చింత యింతగా లేదు. 1904 లో న్యూయార్క్ జట్టువాడైన జాక్ చెస్‌బ్రో 51 ఆటలు ఆరంభించి వానిలో 48 ఆటలను తానే ముగించెను. మొత్తము 41 ఆటలు గెలిచెను. దొడ్డిలో కూర్చుండుట ఆ దినములలో గౌరవము కాదు. స్టార్టరుగా నిలువలేనివానికి అది ఆశ్రయము. ఈ భావము మారుటకు అర్ధశతాబ్దము పట్టినది. 1950 లో ఫిలడెల్ఫియా జట్టునకు చెందిన జిమ్ కాన్‌స్టాంటీ 74 ఆటలలో నడుమ వచ్చి బంతి విసిరి, తన లీగులో అత్యంత విలువైన క్రీడాకారుడను పురస్కారము నందుకొనెను. రిలీవరునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. ఆధిక్యమును కాపాడినవానికి ‘సేవ్’ అను లెక్క 1969 లో అధికారికమైనది. నేటి స్థితి చెస్‌బ్రో కాలమునకు పూర్తిగా భిన్నము. 2022, 2023 సంవత్సరములలో ఏటికి 2430 ఆటలు జరుగగా, ఒకే పిచ్చర్ ఆసాంతము విసిరిన సందర్భములు 30 జట్లకును కలిపి ఏటికి నలుబదికి చేరలేదు.

ఇక లెక్కలోనికి వత్తము. ఒక జట్టు ఋతువునకు 162 ఆటలు ఆడును. ఆటకు తొమ్మిది చొప్పున మొత్తము 1458 ఇన్నింగ్స్. స్టార్టర్లు సగటున అయిదుంబావు కంటె కొంచెము ఎక్కువ, అనగా 5⅓ ఇన్నింగ్స్ నిలిచిరనుకొందము. వారి వంతు 864. మిగిలిన 594 ఇన్నింగ్స్ దొడ్డిలోనివారు మోయవలెను. ప్రస్తుత నియమము ప్రకారము జట్టునందు 26 మంది ఉందురు. వారిలో పిచ్చర్లు 13 మందికి మించరాదు. అయిదుగురు స్టార్టర్లు పోగా ఎనమండుగురు రిలీవర్లు. ఒక్కొక్కడు ఏటికి 65 ఇన్నింగ్స్ విసిరినను మొత్తము 520 మాత్రమే. ఎవ్వరికిని గాయము కాకున్నను 74 ఇన్నింగ్స్ కొరత. ఒక్కనికి నడుమ చేయి నొచ్చినచో కొరత నూరు దాటును. ఆ కొరతను తీర్చువారు ఆనాటికి జట్టులో లేనివారు. వారు చిన్న లీగులలోని ఊళ్లలో ఆడుచుందురు. కావున మార్చి నెలలో జట్టు బలమును పరీక్షించువాడు ఎనిమిది పేర్లతో తృప్తిపడరాదు. తొమ్మిదవవాడు, పదవవాడు, పండ్రెండవవాడు ఎవరని అడుగవలెను. లోతు అను మాటకు అర్థమిదియే.

గత సంవత్సరపు అంకెలను చూచి రాబోవు సంవత్సరమును చెప్పుట కూడ ప్రమాదకరమే. స్టార్టరు ఏటికి 180 ఇన్నింగ్స్ విసరవచ్చును. రిలీవరు విసరునది 60 లేక 70. ఒక్క పరీక్షతో విద్యార్థిని నిర్ణయించుట ఎట్టిదో, అరువది ఇన్నింగ్స్‌తో రిలీవరును నిర్ణయించుటయు అట్టిదే. రెండు చెడ్డరోజులు వాని సగటును పాడుచేయగలవు. వెనుకనున్న ఫీల్డర్ల నేర్పు దానిని చక్కదిద్దగలదు. అందుచేత విజ్ఞులు ఇచ్చిన పరుగులకంటె ముందుగా మరికొన్నింటిని చూతురు. ఎందరిని బ్యాటుకు బంతి తగులకుండ వెనుకకు పంపెను? ఎందరికి గురితప్పిన బంతులు వేసి ఊరక బేస్ నిచ్చెను? బంతి వేగము తగ్గుచున్నదా? గడచిన రెండేండ్లలో ఆ చేయి ఎంత శ్రమించినది? ఇందు చివరి ప్రశ్న అన్నింటికంటె ముఖ్యమని కాన్సస్ సిటీ రాయల్స్ జట్టు చరిత్ర చెప్పుచున్నది.

మిస్సోరి రాష్ట్రపు ఈ జట్టు 1985 లో ప్రపంచ సిరీస్ గెలిచిన తరువాత 29 సంవత్సరములు తుది దశ పోటీలను కన్నెత్తి చూడలేదు. 2014 మార్చిలో వారికొక దెబ్బ తగిలినది. రిలీవర్లలో మేటియగు ల్యూక్ హోచెవర్ మోచేతి నరము తెగి ఆ యేడాదికి దూరమయ్యెను. అతని చోట వేడ్ డేవిస్‌ను నిలిపిరి. డేవిస్ అంతకు ముందటి యేట స్టార్టరుగా విఫలుడైనవాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు 5.32 పరుగులు అతని సగటు. అట్టివాడు ఎనిమిదవ ఇన్నింగ్స్‌కు వచ్చి ఆ ఋతువంతయు ఒక్క హోమ్ రన్నైన ఇయ్యక, 1.00 సగటుతో ముగించెను. ఏడవ ఇన్నింగ్స్‌లో కెల్విన్ హెరేరా సగటు 1.41; తొమ్మిదవదానిలో క్లోజర్ గ్రెగ్ హాలండ్ సగటు 1.44. ఆరు ఇన్నింగ్స్ ముగియునప్పటికి రాయల్స్ ముందుండిరా, ఎదిరిపక్షమునకు ఆశ సన్నగిల్లెడిది. ఆ యేడు ప్రపంచ సిరీస్ ఏడవ ఆటలో 3–2 తేడాతో శాన్ ఫ్రాన్సిస్కోకు ఓడిపోయిరి. సమము చేయవలసిన పరుగు మూడవ బేస్ వద్దనే ఆగిపోయినది.

2015 ఋతువునకు ముందు ఈ బుల్‌పెన్‌ను తూచినవానికి ఏమి తోచును? ముగ్గురు అసాధ్యులు, ఇక చింతయేల యనిపించును. జట్టు ప్రధాన నిర్వాహకుడు డేటన్ మూర్ అట్లు తలపలేదు. ఆ శీతకాలమున ఆయన రయాన్ మాడ్సన్ అను పాతకాపును పిలిపించెను. మాడ్సన్ 2011 లో ఫిలడెల్ఫియాకు క్లోజరుగా 32 సేవ్‌లు సంపాదించినవాడు. పిమ్మట మోచేతికి శస్త్రచికిత్స జరిగి, 2012, 2013, 2014 మూడు ఋతువులును పెద్ద లీగులలో ఒక్క బంతియు విసరలేదు. వానికి చిన్న లీగు ఒప్పందము మాత్రమే ఇచ్చి, అరిజోనాలోని సర్‌ప్రైజ్ అను ఊరి శిక్షణకు రమ్మనిరి. నెగ్గినచో జట్టులో చోటు, లేనిచో ఇంటికి. ఎడమచేతి వాటపు ఫ్రాంక్లిన్ మొరాలెస్‌ను కూడ అట్టి ఒప్పందముతోనే తెచ్చిరి. ఇరువురును నెగ్గిరి; ఇరువురును ఆ యేట అరువదికి మించిన ఆటలలో బంతి విసిరిరి. మాడ్సన్ సగటు 2.13. మే నెలలో హోచెవర్ కోలుకొని వచ్చెను. మార్చి నెల పత్రికలు అంతగా పట్టించుకొనని పేర్లివి.

సెప్టెంబరులో ఆ పేర్ల అవసరము పడినది. హాలండ్ బంతి వేగము తగ్గుచు వచ్చెను. పరీక్షింపగా మోచేతి నరము చిరిగియున్నట్లు తేలినది. అక్టోబరు 2 వ తేదీన శస్త్రచికిత్స జరిగెను. సామాన్యమైన జట్టు ఆ దెబ్బకు కుంగియుండెడిది. రాయల్స్ వరుస ఒక మెట్టు జరిగినది. డేవిస్ తొమ్మిదవ ఇన్నింగ్స్‌కు పోయెను. మాడ్సన్ ఎనిమిదవదానికి వచ్చెను. హెరేరా, హోచెవర్ వారికి ముందు నిలిచిరి.

లోతనగా ఎవ్వరును తప్పరని కాదు. అక్టోబరు 23 న టొరాంటోతో జరిగిన ఆరవ ఆటలో మాడ్సన్ బంతిని హోసే బౌటిస్టా హోమ్ రన్ కొట్టి స్కోరు 3–3 చేసెను. వెంటనే డేవిస్‌ను పిలిచిరి. అతడు ఎనిమిదవ ఇన్నింగ్స్ ముగించినంతనే వర్షము వచ్చి ఆట ముప్పాతిక గంట ఆగినది. చల్లబడిన చేతితో పిచ్చర్‌ను మరల నిలుపుట సాహసము. అయినను తన జట్టు ఒక పరుగు ముందంజ వేయగా డేవిస్ తిరిగి వచ్చి, రెండవ, మూడవ బేస్‌లలో ఎదిరివారు కాచుకొనియుండగా, ఆటను 4–3 తో ముగించెను. ఒకని తప్పును మరొకడు దిద్దగలిగినపుడే దానిని బలగమనవలెను.

ప్రపంచ సిరీస్ అయిదవ ఆట నవంబరు 1 న న్యూయార్క్‌లో జరిగినది. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో రాయల్స్ స్కోరు సమము చేసిరి. హెరేరా వరుసగా మూడు ఇన్నింగ్స్ విసిరియుండెను. పదవ, పదునొకండవ ఇన్నింగ్స్ హోచెవర్ విసిరెను. పండ్రెండవదానిలో రాయల్స్ అయిదు పరుగులు చేయగా, డేవిస్ వచ్చి చివరి బ్యాటరును బంతి తగులకుండ పంపెను. 7–2. ముప్పది యేండ్ల తరువాత కిరీటము దక్కినది. ఆ యాటలో విజేతయైన పిచ్చర్‌గా నమోదైన పేరు హోచెవర్‌ది. పందొమ్మిది నెలల క్రిందట అతడు పడిపోవుట వలననే డేవిస్‌కు ఆ స్థానము లభించినది.

ఈ విజయమునకు చెల్లించిన మూల్యమును మరువరాదు. మోచేతి నరమును మార్చు శస్త్రచికిత్సను మొదట 1974 లో డాక్టరు ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అను పిచ్చర్‌కు చేసెను. కుడిచేతి స్నాయువును తీసి ఎడమ మోచేతిలో కూర్చెను. ఏడాదిన్నరకు పైగా శ్రమించి జాన్ 1976 లో తిరిగివచ్చి మరి 164 ఆటలు గెలిచెను. ఆ శస్త్రచికిత్స నేటికిని అతని పేరనే పిలువబడుచున్నది. అది అనేకులకు పునర్జన్మ నిచ్చినమాట నిజము. అందరికి ఇచ్చినదనుట నిజము కాదు. హాలండ్ 2016 అంతయు పోగొట్టుకొని 2017 లో డెన్వర్ జట్టున 41 సేవ్‌లతో లేచి నిలిచెను. హోచెవర్ 2016 లో మరియొక శస్త్రచికిత్సకు లోనై, తరువాత పెద్ద లీగులలో బంతి పట్టలేదు. చేయి యంత్రము కాదు. గంటకు 150 కిలోమీటర్లకు పైబడిన వేగముతో విసరు ప్రతి బంతియు మోచేతి నరము నొక్కసారి లాగును.

కావున బుల్‌పెన్ లోతును తూచుట పేర్ల పట్టిక వ్రాయుట మాత్రమే కాదు. ఎవని చేతికి ఎంత విశ్రాంతి కావలెనో తెలిసి, ఆ విశ్రాంతి నిచ్చుటకు వేరొకని సిద్ధపరచుట అందు ముఖ్యభాగము. పదవవాడు సమర్థుడైనచో మొదటివాని చేయి పదికాలములు నిలుచును. పదవవాడు లేనిచో, నొప్పి యున్నదని చెప్పుటకు మొదటివాడు వెనుదీయును. చెప్పినను వినుటకు నిర్వాహకునికి తీరికయుండదు. రాయల్స్ పెద్దలు 2015 ఫిబ్రవరిలో మూడేండ్లు ఆట మానిన ఒక మనుష్యుని పిలిచి పరీక్షించిరి. ఆనాడది స్వల్పవిషయముగా కనిపించినది. నవంబరు నాటికి అది స్వల్పము కాదని తేలినది.