పీచుమిఠాయి లాంటి గ్రహం... మేఘాల్లో మన ఇసుక!

పర్ణశాల వెళ్లినవాళ్లు మామూలుగా మూడు ఫొటోలు తీసుకుంటారు. గుడి ముందు ఒకటి, సీతవాగు దగ్గర నారచీరల గుర్తులని చెప్పే రాళ్ల పక్కన ఒకటి, గోదారి ఒడ్డున ఒకటి. ఈసారి వెళ్తే నాలుగోది కూడా తీయండి. గుప్పెడు ఇసుక అరచేతిలో పోసుకుని, ఎండకు పట్టి జూమ్ చేయండి. తళుక్కున మెరిసే ఆ రేణువుల్లో చాలావరకు పలుగురాయివే. అంటే క్వార్ట్జ్. కొండరాళ్లు అరిగి, విరిగి, వందల మైళ్లు నీళ్లలో దొర్లి ఇక్కడికి చేరినవి.

ఇదే పదార్థం మనకు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఒక గ్రహం మీద మబ్బుల్లో తేలుతోంది. నేల మీద కాదు, మబ్బుల్లో! ఆ గ్రహం పేరు వాస్ప్-17బి. నేను చదివిన గ్రహాల కథల్లో నన్ను ఇంతగా పట్టేసింది ఇంకోటి లేదు.

పెద్దదే కానీ బరువు లేదు

మన సౌరకుటుంబంలో అన్నిటికంటే పెద్ద గ్రహం గురుడు. వాస్ప్-17బి లోపల అలాంటి గురుగ్రహాలు ఏడు పట్టేంత చోటు ఉంది. కానీ దాని ద్రవ్యరాశి గురుడిలో సగం కూడా లేదు. లెక్క వేస్తే దాని సాంద్రత నీటి సాంద్రతలో పదో వంతుకు అటూ ఇటూగా తేలుతుంది. భద్రాచలం తిరునాళ్లలో కొనుక్కునే పీచుమిఠాయి గుర్తుందా? చూడ్డానికి తలకాయంత, నోట్లో వేసుకుంటే ఏమీ ఉండదు. దాదాపు అదే లెక్క. అందుకే ఇలాంటివాటిని శాస్త్రవేత్తలు ‘ఉబ్బిన గ్రహాలు’ అంటారు.

ఎందుకు ఉబ్బింది? తన నక్షత్రానికి మరీ దగ్గరగా ఉండటం వల్ల. సూర్యుడికి బుధుడు ఎంత దూరమో, అందులో ఏడో వంతు దూరంలోనే ఇది తిరుగుతోంది. దాని ఏడాది మన లెక్కలో 3.7 రోజులే. సోమవారం పుట్టినరోజు చేసుకుంటే శుక్రవారానికి మళ్లీ కేకు కోయాలి!

అంత దగ్గర్లో వేడి 1,500 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. మే నెలలో మా వైపు 45 డిగ్రీలు దాటితేనే ఇసుక మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. బంగారం 1,064 డిగ్రీలకే కరిగిపోతుంది. పర్ణశాల కథలోని బంగారు లేడి అక్కడికి వెళ్లి ఉంటే మారీచుడి పని రాముడి బాణం దాకా వచ్చేది కాదు!

హైడ్రోజన్, హీలియం లాంటి వాయువులు వేడికి వ్యాకోచిస్తాయని మనకు తెలిసిందే. అయితే పైపై వేడి ఒక్కటే ఇంత ఉబ్బును వివరించలేదు. నూనెలో పూరీ పొంగాలంటే లోపల ఆవిరి పుట్టాలి కదా. అలాగే ఈ గ్రహాల లోపలికి కూడా వేడి ఎలాగో చేరాలి. ఆ దారి ఏమిటన్నది ఇప్పటికీ శాస్త్రవేత్తల మధ్య నడుస్తున్న చర్చ.

గాల్లోనే పుట్టిన పలుగు

2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఈ గ్రహాన్ని పరారుణ కాంతిలో గమనించింది. మబ్బుల్లో ఉన్నవి పలుగు స్ఫటికాలని అక్టోబరులో ప్రకటించారు. ఒక్కో స్ఫటికం సుమారు 10 నానోమీటర్లు. అలాంటివి పది లక్షలు వరసగా పేరిస్తే ఒక సెంటీమీటరు వస్తుంది. మన ఇసుక రాయి నుంచి వచ్చింది. అక్కడి ఇసుక వాయువు నుంచి నేరుగా గట్టిపడింది. గంటకు వేల కిలోమీటర్ల వేగంతో వీచే గాలులు ఆ గాజు పొడిని చుట్టూ తిప్పుతుంటాయి. బాగా వేడిగా ఉండే పగటి వైపుకు చేరగానే అది మళ్లీ ఆవిరైపోతుంది.

‘ఎవరూ చూడలేదుగా అత్తా?’

ఇదంతా చెబితే ఇంటర్ చదివే మా మేనకోడలు ఒకే ప్రశ్న వేసింది. “ఎవరూ వెళ్లలేదు, కనీసం ఫొటో కూడా లేదు. మరి ఎట్లా నమ్మాలి అత్తా?”

అడగాల్సిన ప్రశ్నే. వాట్సాప్‌లో రోజుకో వింత చూసే మనం అందరం అడగాల్సింది. సమాధానం గ్రహణంలో ఉంది. గ్రహం తన నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు వెలుగు కొంచెం తగ్గుతుంది. ఇక్కడ ఆ తగ్గుదల నూటికి సుమారు ఒకటిన్నర వంతు. దాన్నిబట్టి సైజు తెలుస్తుంది. గ్రహం లాగుడుకి నక్షత్రం ఎంత ఊగుతోందో కొలిస్తే బరువు తెలుస్తుంది. అడ్డొచ్చిన సమయంలో గ్రహం అంచున ఉన్న గాలిలోంచి వడకట్టుకుని వచ్చే వెలుగులో ఏ రంగులు తగ్గాయో చూస్తే, ఆ గాలిలో ఏముందో తెలుస్తుంది.

వెలుగు తగ్గడాన్ని కొలిచే విద్య మనకు కొత్తేం కాదు. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ 48 అంగుళాల టెలిస్కోపుతో, ఒకదానికొకటి అడ్డొచ్చే జంట నక్షత్రాలను ఏళ్ల తరబడి అలాగే కొలిచారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించిందీ అక్కడే.

మన దేశం పట్టుకున్న ఉబ్బిన గ్రహం కూడా ఒకటుంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ బృందం, మౌంట్ అబూలోని 1.2 మీటర్ల టెలిస్కోపుకు బిగించిన ‘పరస్’ పరికరంతో 2021లో టీఓఐ-1789బి సంగతి తేల్చింది. సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 0.28 గ్రాములు. అంటే దాదాపు బెండు అంత తేలిక అన్నమాట.

పేరు ఎవరిది?

ఈ కథలో నన్ను ఆపేసిన ముక్క వేరే ఉంది. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక్కో దేశానికి ఒక్కో నక్షత్రాన్ని, దాని గ్రహాన్ని ఇచ్చి పేర్లు పెట్టమంది. మన దేశం ‘బిభా’, ‘సంతమస’ అని పెట్టింది. వాస్ప్-17 కోస్టారికా వంతుకు వచ్చింది. వాళ్లు స్పానిష్ పేరు పెట్టలేదు. అక్కడి ఆదివాసులైన బ్రిబ్రి ప్రజల భాషలోంచి తీసుకున్నారు. నక్షత్రం పేరు ‘డీవో’. వాళ్ల భాషలో సూర్యుడు అని అర్థం. గ్రహానికి ‘డిట్సో’ అన్నారు.

పర్ణశాల చుట్టూ ఉన్న కోయ గూడేల్లో కూడా సూర్యుడికి, చుక్కలకు, ఇసుకకు సొంత మాటలున్నాయి. చాలామంది పిల్లలు బడికెళ్లాక ఆ మాటలు బయట వాడటానికి మొహమాటపడుతున్నారు. ఊళ్లో మాట్లాడితే నవ్వుతారనుకునే భాష ఆకాశంలో పేరుగా నిలబడగలదని వాళ్లకు ఎవరైనా చెప్పారా? పేర్లు పెట్టే పోటీ 2022లో కూడా జరిగింది. మళ్లీ వస్తే ఒక కోయ పేరు పంపడానికి కావాల్సింది టెలిస్కోపు కాదు. ఇంట్లో అవ్వను అడిగి రాసుకున్న నాలుగు మాటలు చాలు.

మే, జూన్ రాత్రుల్లో ఊరి లైట్లకు దూరంగా వెళ్లి దక్షిణం వైపు చూడండి. ఎర్రగా మెరిసే జ్యేష్ఠ నక్షత్రం, దాని చుట్టూ తేలు ఆకారం కనిపిస్తాయి. వాస్ప్-17 ఉన్నది ఆ వృశ్చిక రాశిలోనే. మామూలు కంటికి ఆనదు. కానీ ఇవాళ అక్కడి నుంచి మన దాకా చేరుతున్న వెలుగు, తూర్పు చాళుక్యులు వేంగిని ఏలుతున్న రోజుల్లో బయలుదేరింది.