అప్పగింత చట్టం – నిరపరాధికి అండ ఏది?

ఊళ్ళో పొలం తగాదా కావచ్చు, కాపురంలో కలతలు కావచ్చు, వ్యాపారంలో లెక్కల పేచీ కావచ్చు. బర్కాలో ఉద్యోగం చేసుకుంటున్న మనిషి పేరు కూడా ఫిర్యాదులోకి ఎక్కవచ్చు. వెంటనే పుట్టే భయం ఒకటే: "ఇక్కడినుంచి పట్టుకుపోతారా?" ఈ విషయంలో చట్టం ఏమంటుందో మన సభ్యులు కొంతైనా తెలుసుకోవడం మంచిది.

భారత్, ఒమాన్ దేశాల మధ్య నేరస్థుల అప్పగింత ఒప్పందం 2004లో కుదిరింది. అంతమాత్రాన ఫిర్యాదు పడగానే మనిషిని విమానం ఎక్కించరు. ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వాన్ని రాతపూర్వకంగా కోరాలి. ఆరోపించిన పని రెండు దేశాల్లోనూ నేరం కావాలి, ఏ నేరానికి అప్పగించారో దానికే విచారించాలి అనేవి ఇలాంటి ఒప్పందాలకు మూలసూత్రాలు. ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు కూడా అరెస్టు వారెంటు కాదు. దాని మీద ఏం చేయాలో ఆయా దేశాల చట్టమే నిర్ణయిస్తుంది.

అయితే ఒక చిక్కు ఉంది. అప్పగింత విచారణలో మనిషి దోషా, నిర్దోషా అని తేల్చరు. పంపవచ్చునా, కూడదా అన్నదే చూస్తారు. కాబట్టి పంపేముందు సాక్ష్యం అడగడమే నిరపరాధికి పెద్ద అండ. మన దేశపు 1962 చట్టం ప్రకారం ప్రాథమిక సాక్ష్యం లేకపోతే మేజిస్ట్రేటు ఆ మనిషిని విడిచిపెట్టాలి.

ఈ నియమం విలువ తెలియాలంటే లండన్‌లో జరిగిన ఒక కేసు చూడండి. లోత్ఫీ రైసీ అనే అల్జీరియా పైలట్‌ను 2001 సెప్టెంబరులో అమెరికా కోరిక మీద అరెస్టు చేశారు. విమానాల దాడి చేసినవారికి శిక్షణ ఇచ్చాడని అనుమానం. కాగితం మీద మోపిన నేరాల్లో ఒకటి మాత్రం, పైలట్ లైసెన్సు దరఖాస్తులో తన మోకాలి ఆపరేషన్ సంగతి రాయలేదన్నది! దాదాపు ఐదు నెలలు జైల్లో ఉన్నాడు. 2002 ఏప్రిల్‌లో, ఉగ్రవాదానికి సాక్ష్యమే లేదని జడ్జి కేసు కొట్టివేశారు. నష్టపరిహారానికి అర్హుడని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 2010 వచ్చింది.

మన విషయంలో అప్పగింతకన్నా ముందు పాస్‌పోర్టుకు ముప్పు రావచ్చు. కోర్టు సమనుగాని వారెంటుగాని జారీ అయితే, 1967 పాస్‌పోర్టు చట్టం కింద అధికారి పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవచ్చు. అయితే మన వాదన వినాలని సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో స్పష్టం చేసింది. ఏడేళ్ళలోపు శిక్షపడే నేరాల్లో అవసరం చూడకుండా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది.

అందుచేత సమను వస్తే, "దూరాన ఉన్నాం కదా" అని ఊరుకోకండి. ఊళ్ళో వకీలును పెట్టుకుని అక్కడి కోర్టులోనే జవాబివ్వండి. రాకపోకల ముద్రలున్న పాత పాస్‌పోర్టులు, జీతం రసీదులు, డబ్బు పంపిన కాగితాలు పారేయకండి. ఫలానా రోజున మీరు బర్కాలోనే ఉన్నారని నిరూపించేవి అవే. ఫిర్యాదుల్లో నిజమైనవీ ఉంటాయి, బాధితులకు కోర్టు దారి మూసుకుపోకూడదు. కానీ మొదటి వాయిదాకే జవాబు చెప్పినవాడికి ఉన్న బలం, వారెంటు వచ్చాక పరుగెత్తేవాడికి ఉండదు.